నీడ అని రాసిన చోట

మా వదిన మా అన్నయ్య చెయ్యి విరగ్గొట్టింది. కుడిచెయ్యి, మణికట్టుకి కాస్త పైన, గేట్లు బిగించే పెద్ద పానాతో. జారిపడ్డాడనో తోపులాటలో తగిలిందనో సర్దిచెప్పడానికి లేదు. ఒక చేత్తో అతని మోచేతిని బల్లకేసి అదిమిపెట్టి రెండో చేత్తో కొట్టింది. అప్పుడు గదిలో నేనున్నాను. ఆ చప్పుడు విన్నాను.

అందరికీ తెలిసింది అంతవరకే. మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు అల్లుకున్నారు. అన్నయ్య ఇంకెవరినో ఉంచుకున్నాడని ఒకడు, వదినకి పిచ్చి ముదిరిందని ఇంకొకడు. వాళ్ల నోళ్లు మూయించాలని నేనిది రాయడం లేదు. అవి మూతపడే నోళ్లు కావు. ఆవిడ ఎలాంటి మనిషో, ఆ పానా ఎందుకు ఎత్తిందో వరసగా చెప్పేవాడు ఒకడుండాలి, అంతే.

వదిన వాళ్ల నాన్నది మాంసం కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. మెట్లెక్కుతుంటే గోడకి ఎప్పుడూ జిడ్డు. బడి నుంచి రాగానే సంచి మూల పడేసి, పాత గోనె నడుముకి చుట్టుకుని కత్తి పట్టేదట. నరకడం ఎవడైనా నరుకుతాడు, పనితనం ఒలవడంలో ఉంటుందని ఆవిడ అంటుంది. చర్మానికీ కండకీ మధ్య తెల్లగా సన్నటి పొర ఒకటుంటుంది. కత్తి మొన ఆ పొరలోనే నడవాలి. ఇటు జరిగితే తోలుకి చిల్లు, అటు జరిగితే కండ వృథా. చిల్లు పడ్డప్పుడల్లా వాళ్ల నాన్న మెడ మీద ఒక్కటిచ్చేవాడు. ఒకరోజు ఆయన చెయ్యి లేస్తుండగానే ఈవిడ కత్తి తిప్పి పట్టుకుంది.

"ఇంకోసారి కొట్టావంటే నీ తోలు ఒలుస్తా నాన్నా. చిల్లు కూడా పడదు."

ఆయన పడీపడీ నవ్వాడట. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోయాడట. ఆ తర్వాత మళ్లీ చెయ్యెత్తలేదు.

మ్యాపులు గీసే చదువేదో చదివి, వదిన శాటిలైట్ ఫొటోల ఆఫీసులో చేరింది. పాత భవనంలో పై అంతస్తు. తెరల మీద వెలుగు పడకుండా కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు కట్టి ఉంటాయి. పట్టపగలు కూడా సినిమా హాల్లోకి అడుగుపెట్టినట్టుంటుంది. జీపు తోలడం మొదలుపెట్టాక ఆవిణ్ని ఎక్కించుకోవడానికి నేను చాలాసార్లు ఆ గదికి వెళ్లాను. వరసగా తెరలు, వాటి ముందు మూగగా మనుషులు, మౌసుల టకటక.

వాళ్ల పని కొండల మీది హిమానీనదాల హద్దులు గీయడం. మా ఇంట్లో దాన్ని మంచునది అంటాం. ఉపగ్రహం ఆ కొండల మీదుగా పోయినప్పుడల్లా, రోజులో ఒకే వేళకి, పొద్దుటి పూట ఒక ఫొటో తీస్తుంది. మబ్బు పట్టినవి పక్కన పడేస్తారు. కొత్త మంచు పడినవీ పడేస్తారు. చిక్కిపోయినవాడి మీద దుప్పటి కప్పితే లోపల ఎంత మిగిలాడో ఏం తెలుస్తుంది? ఆ కొండల్లో ఎండాకాలం వానలు తగ్గేదాకా సాగుతుంది. అందుకని దాని ఆఖర్న, కరిగేదంతా కరిగిపోయి అసలు మంచు మాత్రమే మిగిలినప్పుడు తీసిన ఫొటోనే తీసుకుంటారు. ఏటా అదే పద్ధతి. ఆ ఫొటోలో మంచు నీలంగా, రాయి గోధుమరంగులో కనిపిస్తుంది. ఆ నీలం చుట్టూ ఒక్కో చుక్కా పెట్టుకుంటూ గీత లాగాలి. పాత ఏళ్ల గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, ఏ ఏటికా ఏడు గీత లోపలికి జరుగుతూ ఉంటుంది. కంప్యూటరే గీసేయదా అని నేనొకసారి అడిగాను.

"గీస్తుంది. పైన నీలంగా ఉన్నంతవరకు గీస్తుంది. కింద తోక దగ్గర మంచు మీద రాళ్లూ మట్టీ పేరుకుని ఉంటాయి. దానికది వట్టి బండలా కనిపిస్తుంది. ఇటు చూడు, ఈ పగులు చూడు. బండ ఇలా పగలదు. దీని కింద కండ ఉంది."

నాకు బండే కనిపించింది. ఆవిడకి కండ కనిపించింది.

ఒకసారి పక్క బల్ల గడ్డపాయన ఫైలు బరువు తగ్గుతుందని ఆవిడ గీతలో చుక్కలు కొన్ని తీసేసి నున్నగా చేశాడు. వదిన కీబోర్డు ఊడబెరికి అతని వీపు మీద కొట్టింది. అక్షరాలు ఎగిరిపోయాయి. సాయంత్రం దాకా ఆఫీసంతా బల్లల కింద దూరి అక్షరాలు ఏరుకుంది. గడ్డపాయన మర్నాటి నుంచి బల్ల మార్చుకున్నాడు. ఆవిడకి కత్తి మేడమ్ అని పేరు పడింది. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు.

మా అన్నయ్య ముందుపళ్లలో ఒకటి కట్టుడు పన్ను. అసలుది పెళ్లికి ముందే పోయింది, పెట్రోలు బంకు వరసలో. తోసుకుని ముందుకొచ్చిన అన్నయ్యని వదిన మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. రక్తం ఉమ్మేసి, పన్ను చేతిలో పెట్టుకుని, "మీ ఇల్లెక్కడ?" అని అడిగాడట మావాడు. తగవుకి వస్తాడనుకున్నారు. సంబంధానికి వెళ్లాడు.

"పెళ్లికి ముందే పన్ను రాలగొట్టింది. అయ్యాక నీ ఒంట్లో ఏం మిగులుస్తుందిరా?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"మిగతా పళ్లున్నాయి కదమ్మా" అన్నాడు.

మా ఇంట్లో గాజు సామాను లేదు, అంతా స్టీలే. అన్నయ్య చెయ్యి కూడా ఊరుకునేది కాదు. అతను చెంబు విసిరితే ఆవిడ పీట విసిరేది. ఒకసారి వాకిట్లో మెట్ల మీంచి తోసేసింది. ఒకసారి ఆవిడ కనుబొమ్మ చిట్లి నేనే కుట్లు వేయించుకొచ్చాను. అదేదో ముచ్చట అని నేననను. ఆ ఇంట్లో ఉన్నవాడికి ముచ్చటగా ఉండదు. కానీ మర్నాడు పొద్దున చూస్తే ఇద్దరూ ఒకే కప్పు పట్టుకుని వాకిట్లో కూర్చునుండేవారు.

అన్నయ్య ఉద్యోగం పైన లోయలో, నదికి అడ్డంగా కట్టిన చిన్న బ్యారేజీ దగ్గర. గేటు ఆపరేటర్. నీళ్లని బట్టి గేట్లు ఎత్తడం, దించడం. కరెంటు పోతే పెద్ద ఇనపచక్రం రెండు చేతులా తిప్పాలి. ఆ గది ఖాళీగా ఉండకూడదు. ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిందే. అందుకని ఇద్దరు వంతులు వేసుకునేవారు, అన్నయ్య కొన్నాళ్లు, బొంగురన్న కొన్నాళ్లు. నీళ్ల హోరు మీద అరిచీ అరిచీ ఆయన గొంతు చిరిగిపోయింది. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. వంతు మారి కిందికి దిగేటప్పుడు మా ఇంట్లో టీ తాగనిదే వెళ్లేవాడు కాదు.

"నీ మొగుడు పైన క్షేమం చెల్లెమ్మా. తన్నేవాళ్లు లేక కాస్త ఒళ్లు కూడా చేశాడు."

"వస్తాడుగా అన్నా. కరిగిస్తాలే" అనేది వదిన.

ఆ బ్యారేజీకి పైన, లోయ మొదట్లో ఉన్న మంచునదికి హద్దులు గీసేది వదినే. ఆవిడ గీసిన మ్యాపు బ్యారేజీ సైటు ఆఫీసులో గోడకి వేలాడుతుండేది, కింద ఆవిడ పేరుతో. ఆ మ్యాపులో మంచునది తోక పక్కన, నిట్టనిలువుగా లేచిన కొండ అడుగున ఒక నల్ల మచ్చ ఉంది. చేరిన మొదటి ఏడు ఆ మచ్చ మీద వదిన 'నీడ' అని రాసింది. తర్వాతి ఏళ్లలో కూడా అదే రాసింది. ఎండాకాలం ఆఖరికి ఎండ వాలుతుంది కాబట్టి ఆ కొండ నీడ పొద్దుటిపూట అక్కడే పడుతుంది. ఫొటో తీసేది ఆ వేళకే. ఏటా అదే నెల, అదే వేళ, అదే నలుపు. నీడని నీడ అనక ఏమంటారు?

మొన్నటి ఏడు ఎండాకాలం ఆఖర్న మబ్బులు వదల్లేదు. ఒక్క ఫొటో కూడా పనికొచ్చేది రాలేదు. పెద్దసారు అంటే ఆ ఆఫీసు అధికారి, నెమ్మదస్తుడు. ఈసారికి ఎండాకాలం నడిమధ్యవే తీసుకోమన్నాడు. పాత మంచు మచ్చలుమచ్చలుగా ఉంటుంది, సగం మబ్బుంటుంది, అయినా తప్పదు. వదిన అలాంటి ఫొటో ఒకటి తెరిచింది. అప్పుడు ఎండ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, నీడ కొండ కాళ్ల దగ్గరికి ముడుచుకుపోవాలి. ముడుచుకుంది కూడా. నల్ల మచ్చ మాత్రం అక్కడే ఉంది.

అప్పటికీ నీడే అనుకుందట. చెయ్యి అలవాటుగా అక్షరాలు కొట్టబోయిందట. అంతలో దాని అంచు చూసింది. నీడ అంచు పైనున్న కొండలాగే రంపపు పళ్లతో ఉంటుంది. ఈ అంచు గుండ్రంగా, మెత్తగా ఉంది. మధ్యలో తెల్లటి నలుసులు. తర్వాత తీసిన ఫొటో తెరిచింది. నలుసులు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి జరిగాయి.

నీడలో మంచుగడ్డలు తేలవు.

పాత ఏళ్లలో పనికిరావని పడేసిన నడి ఎండాకాలం ఫొటోలన్నీ వెనక్కి తీసింది. మొదటి ఏడు తను రాసింది నిజంగానే నీడ, అది ముడుచుకున్నాక మూలన మిగిలింది పప్పుబద్దంత నలుపు. తర్వాత ఏటేటా పెరిగింది. ఇప్పుడు కొండ అడుగంతా చెరువు. దానికి అడ్డంగా ఉన్నది మంచునది ఎప్పుడో తోసి వదిలేసిన రాళ్లకట్ట, మట్టీ గులకా కలిసిన గుట్ట. ఆ కట్ట అడుగున తడి మరక. చెరువు మీదికి వంగిన మంచు తోక, దాని మెడ మీద అడ్డంగా పగులు. నరికి, ఇంకా తెగకుండా వదిలేసిన మెడలా ఉందని ఆవిడే అంది. ఆ ముక్క నీళ్లలో పడితే అల లేస్తుంది, అల కట్ట దాటితే కట్ట తెగుతుంది, కట్ట తెగితే కింద మొదట తగిలేది అన్నయ్య కూర్చునే గది.

పెద్దసారు చూశాడు. అతను చెడ్డవాడు కాదు.

"ఏళ్ల తరబడి నీడ అని పంపామమ్మా. ఇప్పుడు చెరువంటే ముందు మనల్నే అడుగుతారు."

"అడగనివ్వండి సార్. రాసింది నేనే."

"ఇప్పుడే రాసి పంపిస్తాను. మనుషులు వెళ్లి చూస్తారు. దానికో పద్ధతుంది కదా."

"ఆ మంచుగడ్డకి పద్ధతి ఎవరు చెప్తారు?"

ఆవిడ ఎదురుగానే రాసి పంపించాడు. పరిశీలనకి వచ్చే నెల తేదీ వేశారు. వదిన తన తెర ముందున్న కుర్చీని తన్నితే అది వెళ్లి గోడకి కొట్టుకుని చక్రం ఊడింది. ఇంటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేసింది.

"దిగి వచ్చెయ్. ఈ పూటే."

"ఎందుకే? మా అమ్మని కూడా మెట్ల మీంచి తోశావా?"

"పైన చెరువుంది. నేను నీడ అనుకున్నది చెరువు. గడ్డలు తేలుతున్నాయి."

"మంచు కొండల్లో మంచుగడ్డలు తేలక గుమ్మడికాయలు తేలతాయా? నా వంతు అవకుండా గేటు వదిలి దిగితే ఉద్యోగం ఊడుతుంది. పడుకో."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు తెల్లవారగానే వదిన జీపులో ఎక్కి కూర్చుంది. "పోనీ" అంది. దారంతా గోళ్లతో సీటు రెక్సిను చీరుస్తూ కూర్చుంది. ఆ చీలికలు ఇప్పటికీ ఉన్నాయి.

సైటు ఆఫీసు రేకుల గది. బల్ల మీద రేడియో సెట్టు, గోడకి మ్యాపు. ఇంచార్జి ఓపిగ్గానే విన్నాడు. తెచ్చిన ఫొటోలు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత లేచి మ్యాపు దగ్గరికెళ్లి నల్ల మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఏం రాసుందమ్మా?"

"నీడ."

"రాసిందెవరు?"

"నేనే."

"ప్రతి ఏడూ మీరే. ఈ మ్యాపు చూసే ఇక్కడ షెడ్లు వేశాం, పనివాళ్లని పెట్టాం. పైనుంచి ఆర్డరు రానివ్వండి, గంటలో అందర్నీ దించేస్తాను. ఇవాళ మీ మాట మీద ఎలా దించమంటారు? ఏ మాట మీద? పాత మాట మీదా, కొత్త మాట మీదా?"

ఆవిడ మ్యాపుని గోడ నుంచి ఒక్క లాగు లాగి అడ్డంగా చింపేసింది. ఇంచార్జి ఆపలేదు. చింపితే ఏమవుతుంది? ఇంకో కాపీ ఉంటుంది.

గేటు గది కాంక్రీటు పెట్టెలా ఉంటుంది. మూడు వైపులా అద్దాలు, కింద నీళ్లు. గోడకి వరసగా పానాలు తగిలించి ఉంటాయి. అన్నయ్య మమ్మల్ని చూసి నవ్వాడు. వదిన చెప్పింది. మొదట మామూలుగా, తర్వాత అరిచి. నీళ్ల హోరులో అరవక తప్పదు కూడా.

"నువ్వే ఇన్నాళ్లూ నీడన్నావు. ఇప్పుడు దాన్ని చూసి నువ్వే జడుసుకుంటున్నావు" అన్నాడు. "ఇంచార్జి దిగమంటే దిగుతాను. పెళ్లాం దిగమంటే దిగానని తెలిస్తే కింద షెడ్లలో నవ్వుతారు."

"నవ్వనీ. బతికుండి నవ్వించుకో."

"పోవే."

ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. అతను చెంప మీద కొట్టాడు, గట్టిగా. పెదవి చిట్లింది. ఆవిడ తల అతని ఛాతీకేసి గుద్దింది. ఇద్దరూ బల్ల మీద పడ్డారు. టీ ఫ్లాస్కు పగిలింది. నేను మధ్యలో దూరితే ఎవరిదో మోకాలు నా పొట్టలో దిగింది. లేచి చూసేసరికి వదిన చేతిలో పానా ఉంది. అప్పటికి ఆవిడ కోపంగా లేదు. కొట్టులో బల్ల ముందు నిలబడ్డ మనిషిలా ఉంది. అతని మోచేతిని అదిమిపెట్టి, ఎముక చర్మానికి దగ్గరగా ఉండే చోటు కళ్లతో వెతుక్కుంది. కొట్టింది. ఒక్క దెబ్బ. రెండోది అవసరం లేకపోయింది.

అన్నయ్య అరుపు హోరులో కలిసిపోయింది. చెయ్యి మధ్యలో ఇంకో కీలు పుట్టినట్టు వేలాడింది.

"చక్రం తిప్పలేనివాణ్ని ఈ గదిలో ఉంచరు" అంది వదిన, పెదవి రక్తం తుడుచుకుంటూ. "ఒరేయ్, బండి తియ్."

నిజమే. నియమం అదే. చెయ్యి ఆడనివాడు ఆ గదిలో ఒక్క గంట కూడా ఉండకూడదు. ఇంచార్జి పరుగెత్తుకొచ్చి, వదిన్ని నోటికొచ్చినట్టు తిట్టి, అన్నయ్యని ఆసుపత్రికి దించమన్నాడు. రేడియోలో పోలీసులకి చెప్పాడు. కిందికి ఇంకో కబురు కూడా పంపించాడు. ఆ గది ఖాళీగా ఉండకూడదు కదా. అది వదినకి తెలుసు. ఆ పూట ఆ వైపు ఆవిడ ఆలోచన పోలేదు.

సగం దారి దిగాక మలుపులో ఎదురొచ్చింది బొంగురన్న బైకు. సెలవు మధ్యలో పిలిపించారు. నన్ను చూసి ఆపాడు. వెనక సీట్లో పళ్లు బిగబట్టి కూర్చున్న అన్నయ్యని చూశాడు.

"ఏం తమ్ముడూ, మళ్లీ పన్నా?"

అన్నయ్య తువ్వాలు చుట్టిన చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక ఆగిపోయాడు.

"చెయ్యా! బాగా ఎదిగావు చెల్లెమ్మా."

వదిన దూకి బైకు హ్యాండిల్ పట్టుకుంది. "అన్నా, పైకి వెళ్లకు" అంది. పానా గురించి చెప్పింది, చెరువు గురించి చెప్పింది, పగులు గురించి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. పైకి, కొండ వైపు ఒకసారి చూశాడు కూడా.

"నిజంగా వస్తే కింద షెడ్లవాళ్లకి సైరన్ ఎవరు వేస్తారు? నువ్వు నా తమ్ముణ్ని అక్కణ్నుంచి లేపుకొచ్చావు. ఇప్పుడు నేనూ దిగిపోతే ఆ గదిలో నీ పానా కూర్చుంటుందా?"

పానా నిజంగానే జీపులో ఉంది. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకునే దిగొచ్చి, కాళ్ల దగ్గర పడేసుకుంది. నేను చూస్తున్నాను. వదిన వెనక్కి తిరిగి దాని వైపు చూసింది. అటు అడుగేసింది. చెయ్యి జీపు లోపలికి చాచింది. బొంగురన్న నవ్వుతూ నిలబడ్డాడు, ఏం జరగబోయిందో ఆయనకి తెలియదు. ఆ చెయ్యి ఖాళీగానే బయటికి వచ్చింది.

"జాగ్రత్త అన్నా" అంది.

ఆవిడ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. ఆయన బైకు ఎక్కిపోయాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టకముందే అన్నయ్య ఎడమచేతి వేలిముద్రతో పెళ్లాం మీద ఫిర్యాదు ఇచ్చాడు. వదిన్ని తీసుకెళ్లి స్టేషన్లో కూర్చోబెట్టారు. పెద్దసారు వచ్చి విడిపించాడు.

అదే వారంలో వచ్చింది. ఎండ కాస్త ఎక్కాక. నేను మనుషుల్ని ఎక్కించుకుని పై రోడ్డు మీద ఉన్నాను. ముందు గాలి వచ్చింది, తడి మట్టి కంపుతో. చెట్లు వంగాయి. వెనకాలే చప్పుడు. జీపు స్టీరింగు నా చేతుల్లో వణికింది. ఆపి, అంచు దగ్గరికెళ్లి చూశాను. లోయలో వస్తున్నది నీళ్లలా లేదు. నల్లగా, ముద్దగా, గోడలా వస్తోంది. ఇళ్లంత బండలు అందులో పల్టీలు కొడుతున్నాయి, ఒకదానికొకటి తగిలి పట్టపగలు నిప్పులు రాలుతున్నాయి. ఒడ్డు చెట్లు వేళ్లతో సహా లేచి, తలకిందులుగా తిరిగి, ముక్కలైపోయాయి.

సైరన్ మోగుతోంది. అప్పటికే మోగుతోంది. బ్యారేజీ గేట్లన్నీ పైకెత్తి ఉన్నాయి. కింద షెడ్ల నుంచి మనుషులు చీమల్లా గుట్ట ఎక్కుతున్నారు. ఒకడు పడితే ఇంకొకడు తొక్కుకుంటూ పోతున్నాడు. ఒకామె జుట్టు పట్టుకుని పిల్లని ఈడ్చుకుపోతోంది. సైరన్ ఆగలేదు. గోడ బ్యారేజీని తాకింది. కాంక్రీటు పెట్టె ఒక్క క్షణం నిలబడింది. అద్దాలు తళుక్కుమన్నాయి. సైరన్ సగం కూతలో తెగిపోయింది.

తర్వాత అక్కడ గది లేదు, బ్యారేజీ లేదు. మట్టి పొర్లుతూ పోతోంది.

గుట్ట ఎక్కినవాళ్లు బతికారు. కొందరు ఎక్కలేకపోయారు. బొంగురన్న దొరకలేదు. ఆయన బైకు చాలా కిందికి, ఒక చెట్టుకి చుట్టుకుపోయి దొరికింది.

ఆసుపత్రిలో అన్నయ్యకి నేనే చెప్పాను. పిండికట్టు చేతిని మంచం ఇనపరాడ్డుకేసి కొట్టుకున్నాడు. మళ్లీ, మళ్లీ. ఇద్దరు నర్సులూ నేనూ కలిసి పట్టుకోవాల్సి వచ్చింది. ఎముక మళ్లీ జరిగింది. అందుకే ఆ చెయ్యి ఇవాళ్టికీ పూర్తిగా ముడవదు.

కర్మకాండలేవో అయ్యాక బొంగురన్న భార్య మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. పొడుగ్గా, ఎండిపోయినట్టుండే మనిషి. మా అమ్మ లోపలికి రమ్మంది. ఆమెకి వినపడలేదు. వదిన ఎదురెళ్లింది.

"నువ్వు ముందే చెప్పావటగా ఆయనకి?"

"చెప్పాను వదినా."

ఆమె వదిన చెంప మీద కొట్టింది. వదిన్ని కొట్టి ఊరికే పోయినవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఆమె మళ్లీ కొట్టింది, రెండు చేతులా, మొహం మీద, మెడ మీద. జుట్టు పట్టుకుని తలుపుకేసి కొట్టింది. పాత కుట్ల చోటే మళ్లీ చిట్లి కనుబొమ్మ నుంచి రక్తం కారింది. వదిన చేతులు రెండూ కిందికి వేలాడుతూనే ఉన్నాయి. మా అమ్మ అడ్డం పడబోతే, "వదిలేయండి అత్తయ్యా" అంది.

"చెప్పావట! జాగ్రత్త అన్నావట! నీ మొగుడికైతే చెయ్యి విరగ్గొట్టావు కదే. నా మొగుడి చెయ్యి విరగ్గొట్టడానికి నీకు చేతులు రాలేదా?"

ఆమె కొట్టీ కొట్టీ అలిసిపోయి మా గుమ్మంలోనే కూలబడింది. వదిన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోలేదు. అమ్మ నీళ్లు తెస్తే బొంగురన్న భార్య పుక్కిలించి ఉమ్మి, వెళ్లిపోయింది.

అన్నయ్య ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. దెబ్బ పెద్దది, వీలుకాదన్నారు. కోర్టులో జడ్జిగారు కొట్టావా అని అడిగితే, "కొట్టాను. ఒక్కణ్నే కొట్టాను" అంది వదిన. ఆయనకి అర్థం కాలేదు. వకీలు లేచి ఏదో సర్దాడు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

వరద వచ్చిన మరుసటి ఏడు తీసిన ఫొటో నాకు చూపించింది. కట్ట మధ్యలో గొడ్డలితో చీల్చినట్టు గండి. లోయ పొడవునా బూడిదరంగు చార. చెరువు లేదు. ఎండాకాలం ఆఖరి ఫొటో కాబట్టి కొండ అడుగున నల్ల మచ్చ అలాగే ఉంది. ఈసారి నిజంగానే నీడ. అయినా ఆవిడ ఆ మాట రాయలేదు. ఇప్పుడు ఏ లోయలో నల్ల మచ్చ కనపడినా నడి ఎండాకాలం ఫొటోలన్నీ దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది. పని ఆలస్యమవుతోందని పైనుంచి ఒకాయన వచ్చి అడిగితే, చేతికందిన పేపర్ వెయిట్ ఆయన మీదికి విసిరింది. చెవి పక్క నుంచి పోయింది. పెద్దసారు చూడనట్టు కిటికీ గుడ్డ సర్దుకున్నాడు.

అన్నయ్యని కింద స్టోరులో వేశారు. నట్లూ బోల్టులూ లెక్క చూసుకునే పని. ఇద్దరూ ఇప్పటికీ కొట్లాడుకుంటారు. మొన్న చెంబు ఎడమచేత్తో విసిరాడు. గురి తప్పి గోడకి తగిలింది. వదిన పక్కకి కూడా జరగలేదు. వంగి చెంబు తీసి అతని ఎడమచేతిలోనే పెట్టింది.

"మళ్లీ విసురు" అంది.

అతను చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.